చేపలు గండాన్ని మోసుకుపోతాయా?

దీపావళి సెలవులకి ఊరెళ్లి తిరిగొచ్చేసరికి మా ఇంట్లో ఉప్పునీటి ఆక్వేరియంలో ఒక్క ప్రాణి కూడా మిగల్లేదు. తలుపు తీయగానే వాసన కొట్టింది. రెండు క్లౌన్ చేపలు, ఒక నీలం డామ్సెల్, ఒక రొయ్య పోయాయి. రాయికి అతుక్కుని చొక్కా గుండీల్లా కనిపించే పాలిప్‌లు కరిగిపోయి తెల్లటి జిగురులా తేలుతున్నాయి. నాలుగేళ్లు పెంచిన ట్యాంకు పది రోజుల్లో అయిపోయింది.

సూరత్‌లో దీపావళికి మిల్లులూ మగ్గాలూ మూతపడతాయి. లాభ పాంచమ్ దాకా బట్టల మార్కెట్ మళ్లీ తెరుచుకోదు. లింబాయత్ వైపు ఉండే తెలుగువాళ్లలో చాలామంది మరమగ్గాల పని మీద తెలంగాణ జిల్లాల నుంచి వచ్చినవాళ్లే. ఆ సెలవుల్లో అందరితో పాటు మేమూ సిరిసిల్ల వెళ్లాం. తిరిగొచ్చాక పక్కింటి అవ్వ మా ట్యాంకు చూసి అన్న మాట ఇది: "మీ ఇంటికి రావల్సిన గండం చేపలు మోసుకపోయినయి బిడ్డా. బాధపడకు, మంచిదే అయింది."

ఈ మాట మీరూ ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. చేపలు అమ్మే దుకాణాల్లో కూడా వినిపిస్తుంది. ఎనిమిది బంగారు చేపలు, ఒక నల్ల చేప కలిపి పెంచితే ఇంటికి మంచిదని ఫెంగ్ షూయి పేరుతో చెబుతారు. నల్లది చచ్చిపోతే చెడు దృష్టి దాని మీదికి పోయిందని చెప్పి ఇంకో నల్ల చేప అమ్ముతారు. చేప బతికితే శుభం, చస్తే అంతకన్నా శుభం. ఓడిపోవడానికి వీలే లేని వాదన ఇది. ఏం జరిగినా నిజమయ్యే మాట మనకి ఏమీ నేర్పదు.

నేను నవ్వి ఊరుకున్నాను. ఆ సాయంత్రం మా అమ్మాయి అడిగింది, "నాన్నా, ఎందుకు చచ్చిపోయాయి?" దానికి తొమ్మిదేళ్లు. "మనం లేనప్పుడు కరెంటు పోయిందమ్మా, గాలి అందలేదు" అన్నాను. కరెంటు పోయిన మాట నిజమే, రెండు గంటలు పోయిందట. కానీ రెండు గంటలకి ఆ ట్యాంకు చావదు. అంతకుముందు ఇంతకన్నా ఎక్కువసేపు పోయినా ఏమీ కాలేదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఆ మాట అన్నాను. అవ్వ చెప్పిన గండానికీ, నేను చెప్పిన కరెంటుకీ తేడా ఏమిటని ఆ రాత్రి ఆలోచించాను. రెండూ చేసిన పని ఒక్కటే. నేను ఏం చేశానో చూడకుండా నన్ను కాపాడాయి.

నేను చేసింది ఇది. ఊరెళ్లే ముందురోజు దీపావళి శుభ్రంలో భాగంగా ట్యాంకు కూడా కడిగాను. రాళ్ల మీద నాచు పట్టి చూడ్డానికి బాగోలేదు. చేపల్ని బకెట్లోకి మార్చి, రాళ్లన్నీ తీసి, కుళాయి నీళ్లలో బ్రష్ పెట్టి తోమి, డాబా మీద ఎండలో ఆరబెట్టాను. పాలిప్‌లున్న చిన్న రాయి ఒక్కటే వదిలేశాను. ఇసుక అన్నం వండే బియ్యంలా నాలుగుసార్లు కడిగాను. ఫిల్టరు స్పాంజి పిండి పిండి ఉతికాను. కొత్తగా ఉప్పునీళ్లు కలిపి పోశాను. ట్యాంకు అద్దంలా మెరిసింది. ఫొటో కూడా తీసుకున్నాం. చేపలకి తిండి వేయమని పక్కింటి కుర్రాడికి చెప్పి రైలెక్కాం. వాడు ప్రేమ కొద్దీ రోజూ గుప్పెడు వేశాడు.

ఈ కడగడంలో తప్పేముంది అని మీరు అడగొచ్చు. ఆ తప్పు ఏమిటో అర్థం కావడానికి మనుషులకి వంద ఏళ్ల పైనే పట్టింది. ఆ కథ తెలిసినవాళ్లు తక్కువ. ఆ కథ కోసమే ఈ వ్యాసం.

సముద్రపు జీవుల్ని ఇంట్లో గాజుపాత్రలో ఉంచి చూసినవాళ్లలో మొదట చెప్పుకోవాల్సింది జాన్ విల్‌ప్రూ-పవర్ అనే ఫ్రెంచి స్త్రీ గురించి. ఆమె చెప్పులు కుట్టేవాడి కూతురు. పారిస్‌లో బట్టలు కుట్టి, ఎంబ్రాయిడరీ చేసి బతికింది. పెళ్లి చేసుకుని సిసిలీ ద్వీపంలోని మెసీనాకి వెళ్లి, 1832 నాటికి గాజు తొట్లు చేయించి సముద్రపు ప్రాణుల్ని అందులో పెట్టి గమనించడం మొదలుపెట్టింది. అప్పటికి ఆర్గోనాట్ అనే ఆక్టోపస్ లాంటి జీవి గురించి ఒక వాదన ఉండేది. దాని గుల్ల దాని సొంతమా, వేరే జీవిది దొంగిలించిందా అని పండితులు శతాబ్దాలుగా వాదించుకుంటున్నారు. ఆమె ఆ వాదనలోకి దిగలేదు. బతికున్న వాటిని తొట్టిలో పెట్టి చూసింది. గుల్లకి చిల్లు పెడితే ఆ జీవే దాన్ని పూడ్చుకుంటోందని, గుడ్డులోంచి వచ్చిన పిల్ల తన గుల్ల తనే కట్టుకుంటోందని చూపించింది. ఒక కుట్టుపని చేసే స్త్రీ, ఒక గాజు తొట్టి, కొంత ఓపిక. వందల ఏళ్ల వాదన ముగిసింది.

తర్వాత చెప్పుకోవాల్సింది లండన్‌లోని అన్నా థిన్ గురించి. 1846లో ఆమె టార్కీ అనే సముద్రతీరపు ఊరు నుంచి మాడ్రిపోర్‌లని, అంటే రాతి పగడాల్ని, లండన్ తెచ్చుకుంది. దారిలో కొట్టుకోకుండా సూదీ దారంతో వాటిని స్పాంజికి కుట్టింది. లండన్‌కి సముద్రం దగ్గర్లో లేదు. నీళ్లు పాడవకుండా ఉండాలంటే గాలి తగలాలి. అందుకని పనిమనిషి చేత రోజూ అరగంట నుంచి ముప్పావుగంట దాకా, తెరిచిన కిటికీ ముందు నిలబెట్టి, నీళ్లని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పోయించేది. మనం వేడి పాలు చల్లార్చడానికి తిరగబోసినట్టు! ఇవాళ మన ట్యాంకుల్లో మోటారు చేసే పని అప్పుడు ఒక పేరు తెలియని పనిమనిషి చేతులు చేశాయి. ఆ పనిమనిషి పేరు చరిత్రలో లేదు. 1847లో సముద్రపు నాచు కూడా పాత్రలో వేశాక పని తేలికైంది. పగడాలు దాదాపు మూడేళ్లు బతికాయి, పిల్లల్ని కూడా పెట్టాయి.

నాచు వేస్తే ఎందుకు మేలు జరిగింది? దీనికి అప్పటికే సగం జవాబు ఉంది. మూసిన పాత్రలో కొవ్వొత్తి ఆరిపోయాక అందులో పుదీనా మొక్క పెడితే కొన్నాళ్లకి మళ్లీ వెలుగుతుందని 1771లో ప్రీస్ట్‌లీ కనుక్కున్నాడు. దానికి వెలుతురు కావాలని 1779లో ఇంగెన్‌హౌస్ చెప్పాడు. దీన్ని చేపల తొట్టికి పట్టించినవాడు రాబర్ట్ వారింగ్టన్ అనే లండన్ రసాయన శాస్త్రవేత్త. ఒక తొట్టి, అడుగున ఇసుక, మట్టి, రాళ్లు, రెండు బంగారు చేపలు, కొన్ని నీటిమొక్కలు. కుళ్లిన ఆకులు నీటిని పాడు చేస్తుంటే వాటిని తినడానికి నత్తల్ని వేశాడు. నీళ్లు మార్చకుండానే అన్నీ బతికాయి. 1850లో ఆ ఫలితాన్ని కెమికల్ సొసైటీకి వివరించాడు. జంతువు వదిలింది మొక్కకి ఆహారం, మొక్క వదిలింది జంతువుకి ఊపిరి, చెత్తకి నత్త. లెక్క సరిపోయింది. "సమతుల్య ఆక్వేరియం" అనే ఆలోచన అలా పుట్టింది.

అక్కడి నుంచి అది ఫ్యాషన్ అయింది. దానికి కారణాలు శాస్త్రంలోనే కాదు, మార్కెట్లో కూడా ఉన్నాయి. 1845లో బ్రిటన్ గాజు మీద పన్ను ఎత్తేయడంతో గాజు చవకైంది. రైళ్లు సముద్రపు నీళ్లనీ, జీవుల్నీ లండన్‌కి మోసుకొచ్చాయి. 1853లో లండన్ జంతు ప్రదర్శనశాలలో చేపల భవనం తెరిచారు. దాని వెనకున్న ముఖ్యమైన మనిషి ఫిలిప్ హెన్రీ గాస్. 1854లో అతను రాసిన 'ది ఆక్వేరియం' పుస్తకంతో ఆ మాట ఇంటింటికీ చేరింది. ఉప్పులు కలిపి కృత్రిమ సముద్రపు నీరు తయారుచేసే పద్ధతి కూడా చెప్పాడు. నీళ్లు కలపగానే జీవుల్ని వేయొద్దని, ముందు కొన్నాళ్లు నాచు వేసి ఉంచమని అతని సలహా. ఎందుకో అతనికి పూర్తిగా తెలియదు. కానీ గమనించి చెప్పాడు, సరిగ్గా చెప్పాడు.

గాస్ గురించి ఇంకో విషయం చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఇంత చక్కగా గమనించే ఈ మనిషే 1857లో 'ఓంఫలోస్' అనే పుస్తకం రాశాడు. ఓంఫలోస్ అంటే బొడ్డు. ఆదాము తల్లి కడుపున పుట్టకపోయినా అతనికి బొడ్డు ఉన్నట్టే, భూమిని కూడా దేవుడు పాతకాలపు గుర్తులతో సహా ఒక్కసారిగా సృష్టించాడని, రాళ్లలోని శిలాజాలు అలా పుట్టుకతోనే ఉన్నాయని వాదన. శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. భక్తులకీ నచ్చలేదు. దేవుడు రాళ్ల మీద అబద్ధం రాశాడని తాను నమ్మలేనని, మతాచార్యుడూ గాస్ మిత్రుడూ అయిన చార్లెస్ కింగ్స్‌లీయే అన్నాడు. గమనించండి, ఏ శిలాజం దొరికినా గాస్ వాదన ఓడిపోదు. చేప బతికినా చచ్చినా శుభమే అన్న వాదన లాంటిదే ఇదీ. అలాగని గాస్‌ని వెక్కిరించి పక్కన పెట్టలేం. తొట్టి ముందు కూర్చున్నప్పుడు అతను నాకన్నా మంచి పరిశీలకుడు. ఒకే తలలో రెండూ ఉండొచ్చు. నా తలలో కూడా ఉన్నాయని ఈ దీపావళికి తెలిసింది.

సరే, వారింగ్టన్ లెక్కలో లోటు ఎక్కడుంది? చేప ఊపిరి మాత్రమే వదలదు. మొప్పల ద్వారా అమ్మోనియా కూడా వదులుతుంది. తినకుండా మిగిలిన తిండి కుళ్లినా అమ్మోనియాయే. అది విషం. నీరు ఎంత క్షారంగా ఉంటే దాని విష భాగం అంత పెరుగుతుంది. సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది కాబట్టి ఉప్పునీటి ట్యాంకులో ప్రమాదం ఇంకా ఎక్కువ. వారింగ్టన్ తొట్టిలో అమ్మోనియా ఏమైంది? మొక్కలు కొంత తీసుకుని ఉంటాయి. మిగతాది అతను అడుగున వేసిన మట్టిలో, ఇసుకలో కంటికి కనపడని జీవులు మార్చేశాయి. ఆ జీవుల్ని తానే తెచ్చి తొట్టిలో వేశానని అతనికి తెలియదు. అన్నా థిన్ నాచుతో పాటు కూడా అవే వచ్చాయి.

వాటి ఉనికి బయటపడింది ఆక్వేరియంలో కాదు, మురుగునీటిలో. 1877లో పారిస్‌లో ష్లోసింగ్, మ్యూంట్జ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక గొట్టంలో ఇసుక, సున్నపురాయి నింపి దాని గుండా మురుగునీటిని మెల్లగా పోనిచ్చారు. మొదట ఇరవై రోజుల పాటు పైన పోసిన అమ్మోనియా కిందికి అలాగే వచ్చింది. తర్వాత అమ్మోనియా తగ్గి, దాని బదులు నైట్రేట్ రావడం మొదలైంది. ఇది మామూలు రసాయన చర్య అయితే ఇరవై రోజులు ఆగడం ఎందుకు? వాళ్లకి అనుమానం వచ్చి క్లోరోఫారం ఆవిరి ఎక్కించారు. మార్పు ఆగిపోయింది. క్లోరోఫారం తీసేశాక కూడా తిరిగి మొదలవలేదు. తోటమట్టి కలిపిన నీళ్లు కొంచెం పోశాక గానీ మళ్లీ పని జరగలేదు. అంటే ఈ పని చేస్తున్నది ప్రాణమున్నదే.

ఆ ప్రయోగాన్ని ఇంకోసారి చదవండి. పనిచేస్తున్న గొట్టం, దాన్ని చంపిన మందు, మళ్లీ బతికించిన పిడికెడు మట్టి. చచ్చిన ఆక్వేరియాన్ని తిరిగి మొదలుపెట్టడం అంటే ఇదే. 1877లోనే రాసిపెట్టి ఉంది.

ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం దీని తర్వాత వస్తుంది. ఆ వార్త విని 1878లోనే ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో ఆ పనిని ముందుకు తీసుకెళ్లిన శాస్త్రవేత్త పేరు రాబర్ట్ వారింగ్టన్. అవును, అదే పేరు. సమతుల్య ఆక్వేరియం చేసిన వారింగ్టన్‌కి కొడుకు. అమ్మోనియా ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా రెండు మెట్లలో మారుతుందని, ఒక్కో మెట్టుకీ వేరే జీవి ఉందని అతను చూపించాడు. ఆ జీవుల్ని విడదీయడానికి ఏళ్ల తరబడి ప్రయత్నించి విఫలమయ్యాడు. 1890లో వినోగ్రాడ్‌స్కీ ఆ పని చేశాడు. అంతేకాదు, ఈ బాక్టీరియా వెలుతురు లేకుండా అమ్మోనియా నుంచే శక్తి తీసుకుని, బొగ్గుపులుసు గాలితో తమ ఒళ్లు తామే కట్టుకుంటాయని తేల్చాడు. తండ్రి తొట్టిలో కనపడకుండా పనిచేసిన జీవిని కొడుకు పొలం మట్టిలో వెతికాడు. తండ్రి 1867లోనే చనిపోయాడు. తన లెక్కలో ఏది తప్పిపోయిందో ఆయనకి తెలియకుండానే పోయింది.

తెలిసిన విషయం అయినా ఇళ్లలో ట్యాంకులు పెట్టుకునేవాళ్లకి చేరడానికి ఇంకా చాలా కాలం పట్టింది. మన దేశంలో ప్రజల కోసం సముద్ర చేపల ఆక్వేరియం 1909లోనే మద్రాసు సముద్రతీరంలో పెట్టారు. మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గార్ థర్‌స్టన్ దాని వెనక ఉన్నాడు. బొంబాయిలో తారాపూర్‌వాలా ఆక్వేరియం 1951లో వచ్చింది. మా సూరత్‌లో పాల్ ప్రాంతంలో జగదీశ్ చంద్ర బోస్ పేరుతో మునిసిపల్ కార్పొరేషన్ ఆక్వేరియం 2014లో తెరిచారు. పెద్ద సంస్థలకి పంపులూ మనుషులూ ఉంటారు. ఇంట్లో పెట్టుకున్నవాళ్ల పరిస్థితి వేరు. 1950లలో, 60లలో వాళ్లు చచ్చిన పగడపు కొమ్మల్ని బ్లీచింగ్ నీళ్లలో తెల్లగా చేసి ట్యాంకులో అలంకారంగా పెట్టేవాళ్లు. నాచు పట్టగానే మళ్లీ తీసి బ్లీచ్ చేసేవాళ్లు. శుభ్రంగా ఉంచితేనే చేపలు బతుకుతాయని నమ్మకం. నాలాంటివాళ్లే.

1961లో ఇండొనేసియాకి చెందిన లీ చిన్ ఎంగ్ దీనికి పూర్తిగా ఎదురు వెళ్లాడు. సముద్రంలోంచి జీవాలతో సహా తెచ్చిన రాళ్లని కడక్కుండా ట్యాంకులో పెట్టాడు. కొంచెం గాలి బుడగలు, ఎండ, అంతే. ఆ రాళ్ల రంధ్రాల్లో ఉన్న బాక్టీరియాయే ఫిల్టరు. ఇవాళ ప్రపంచమంతా "లైవ్ రాక్" అంటున్నది ఆ రాయినే.

కథ అక్కడితో అయిపోలేదు. ఆక్వేరియంలో రెండో మెట్టు పని నైట్రోబాక్టర్ చేస్తుందని పుస్తకాలన్నీ రాసేవి. 1998లో హోవానెక్ బృందం జన్యుపరీక్షలతో అది నైట్రోస్పైరా అని చూపించింది. 2015లో ఇంకో పెద్ద మార్పు వచ్చింది. రెండు మెట్లూ ఒక్కటే బాక్టీరియా చేయగలదని రెండు బృందాలు ఒకేసారి 'నేచర్' పత్రికలో ప్రకటించాయి. అందులో ఒక బృందానికి అది దొరికింది చేపలు పెంచే తొట్ల ఫిల్టరులో! వందేళ్లకు పైగా పాఠ్యపుస్తకాల్లో ఉన్న "రెండు మెట్లకి రెండు జీవులు" అన్న సూత్రాన్ని దిద్దుకోవాల్సి వచ్చింది. అది తప్పని చూపించినవాళ్లని ఎవరూ వెలివేయలేదు. గౌరవించారు. గండం సిద్ధాంతం ఎప్పుడైనా ఇలా దిద్దుకోవడం మీరు చూశారా?

ఇక నా ట్యాంకుకి వద్దాం. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. మనకి విరేచనాలు, కలరా రాకుండా కాపాడేది అదే. ఆ క్లోరిన్‌తోనే నేను రాళ్లని కడిగాను. దాన్నించి మిగిలిన బాక్టీరియాని డాబా ఎండ చంపింది. ష్లోసింగ్ క్లోరోఫారంతో తెలిసి చేసింది నేను బ్రష్‌తో తెలియక చేశాను. తేడా ఏమిటంటే అతని గొట్టంలో చేపలు లేవు.

ఇక్కడ సూరత్ గురించి ఒక మాట. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది ఈ ఊరు వదిలి పారిపోయారు. మా వీధిలో పాతవాళ్లు ఇప్పటికీ ఆ రైళ్ల గురించి చెబుతారు. 1995లో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు ఊరి పారిశుద్ధ్యాన్ని గట్టిగా పట్టించుకున్నాడు. రెండేళ్లు తిరక్కుండానే సూరత్ దేశంలో రెండో శుభ్రమైన నగరంగా పేరు తెచ్చుకుంది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి మొదటి స్థానం వచ్చింది. ఇక్కడ శుభ్రం అంటే గర్వం, అందులో తప్పులేదు. కానీ ఆ రోజుల్లో ఊరు బాగుపడింది చీపురు ఒక్కదానితో కాదు. చెత్త ఎక్కడ పోగవుతోంది, మురుగు ఎటు పోతోంది, ఎవరు ఏ పనికి బాధ్యులు అని రోజూ చూసినందువల్ల. శుభ్రం అంటే ఏది తీసేయాలో, ఏది ఉంచాలో తెలియడం. మురుగునీటి శుద్ధిలో మన పక్షాన పనిచేసేది కూడా ఆ బాక్టీరియానే. నేను మెరుపునే శుభ్రం అనుకున్నాను.

మళ్లీ మొదలుపెట్టాలా వద్దా అని నెల రోజులు ఆలోచించాను. మొదటిసారి రాళ్లు కొన్నప్పుడు అవి ఎక్కడి నుంచి వచ్చాయని నేను అడగలేదు. అడగాల్సింది. గాస్ పుస్తకాలు చదివి జనం సముద్రతీరాల మీద పడి రాతి గుంటల్లోని జీవుల్ని ఊడ్చుకుపోయారని అతని కొడుకు ఎడ్మండ్ గాస్ 1907లో బాధపడుతూ రాశాడు. మన గుజరాత్‌లోనే కచ్ సింధుశాఖలో పగడపు దిబ్బలున్నాయి. దేశంలో మొదటి సముద్ర జాతీయ ఉద్యానం 1982లో జామ్‌నగర్ దగ్గర ఏర్పడింది వాటి కోసమే. 2001 నుంచి రాతి పగడాలన్నీ వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో, అంటే పులి ఉన్న జాబితాలో ఉన్నాయి. సముద్రం నుంచి వాటిని పెకిలించడం నేరం. కచ్‌లో కనుమరుగైన కొమ్ముపగడాల్ని లక్షద్వీప్ నుంచి తెచ్చి మీఠాపూర్ దగ్గర తిరిగి నాటే పనిని అటవీశాఖ, వన్యప్రాణి సంస్థలు కలిసి చేపట్టాయి. 2020 జనవరిలో జువలాజికల్ సర్వే వాళ్లు అక్కడే సముద్రం అడుగున ఇనుప చట్రాలు దించి, సన్నటి విద్యుత్తుతో వాటి మీద సున్నం పేరుకునేలా చేసి, పగడపు ముక్కలు కట్టారు. నా ట్యాంకు తిరిగి నిలవడానికి వారాలు చాలు. సముద్రంలో దిబ్బ తిరిగి నిలవడానికి దశాబ్దాలు కావాలి.

అందుకని ఈసారి సముద్రపు రాయి వద్దనుకున్నాను. కాల్చిన మట్టితో చేసిన చిల్లుల రాళ్లు కొన్నాను. "డుమస్ బీచ్ పక్కనే ఉంటే ఉప్పు కొనడం ఎందుకు?" అని మిత్రులు అడిగారు. డుమస్‌లో నల్ల ఇసుక ఉంది, దాని మీద దయ్యాల కథలున్నాయి, పగడాలు మాత్రం లేవు. తాపీ, నర్మద, మహి, సాబర్మతి నదులు ఒండ్రునంతా ఖంభాత్ సింధుశాఖలో కలుపుతాయి. ఆటుపోట్లు దాన్ని అడుగుకి దిగనివ్వవు. అంత మసక నీళ్లలో వెలుతురు లోపలికి పోదు, వెలుతురు లేనిచోట పగడం కట్టదు. కచ్ సింధుశాఖలో పెద్ద నదులు కలవవు కాబట్టే అక్కడ అవి బతికాయి. అందుకని ఆర్‌వో నీళ్లలో కొన్న ఉప్పు కలుపుకున్నాను, లీటరుకి 35 గ్రాముల లెక్కన.

డిసెంబరు మొదటి ఆదివారం ట్యాంకు నింపాను. ఊళ్లో ఇంకో మిత్రుడి ట్యాంకు నుంచి ఒక గిన్నెడు ఇసుక, ఉతకని స్పాంజి ముక్క తెచ్చి వేశాను. చేపలు లేవు. బాక్టీరియాకి తిండిగా కొంచెం అమ్మోనియం క్లోరైడ్. రోజూ సాయంత్రం మా అమ్మాయి కిట్టుతో కొలిచి నోటుపుస్తకంలో రాసింది. తొమ్మిదో రోజుకి అమ్మోనియా తగ్గడం మొదలైంది. పద్నాలుగో రోజుకి నైట్రైట్ గొట్టం ముదురు గులాబీ రంగుకి తిరిగింది. అది రోజుల తరబడి దిగలేదు. దుకాణాల్లో బాక్టీరియా సీసాలు అమ్ముతారు. కొన్ని పనిచేస్తాయి, కొన్ని చేయవు. ఏది పనిచేసిందో చెప్పేది సీసా మీది బొమ్మ కాదు, కిట్టులోని రంగు. ముప్పై మూడో రోజున అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా. ఇంకో వారం ఆగి, హేచరీలో పుట్టిన రెండు క్లౌన్ చేపల్ని మాత్రం తెచ్చాం. వాటిని సముద్రంలో పట్టకుండా పుట్టించే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు ఎప్పుడో సాధించారు.

ఆ మధ్య ఒక రోజు అవ్వ వచ్చి ఖాళీ ట్యాంకు చూసి, "చేపలు లేని నీళ్లకి ఈ మోటరేంది, కరెంటు దండగ" అంది. నేను పారిస్, ఇసుక గొట్టం అంటూ మొదలుపెట్టి, గిన్నెడు ఇసుక దగ్గరికి వచ్చేసరికి ఆమే అందుకుంది. "తోడు పెట్టినవన్నట్టు. అది చెప్పు మరి. గిన్నె మరీ తోమి తోడు మర్చిపోతే పాలు ఇరుగుతయి గని పెరుగెట్లయితది?" నేను ఇన్ని పేజీల్లో చెప్పింది ఆమె ఒక్క మాటలో చెప్పింది. రోజూ రాత్రి కనపడని జీవుల్ని పాలలో వేసి, పొద్దున వాటి పని చూసే మనిషి ఆమె. గండం మాట ఆమె అజ్ఞానం వల్ల అన్నది కాదు, నన్ను ఓదార్చడానికి అన్నది. చూసే కన్ను ఆమెకి ఉంది. అటు చూపించే ఓపికే నాకు లేకపోయింది.

ఆ రాత్రి మా అమ్మాయికి చెప్పాను. కరెంటు వల్ల కాదమ్మా, నేను కడగడం వల్ల చచ్చిపోయాయి అని. అది కాసేపు నా మొహం చూసింది. "నీకు అప్పుడు తెలియదా?" అంది. కడిగినప్పుడు తెలియదు, కరెంటు అని చెప్పినప్పుడు తెలుసు అన్నాను. అది నోటుపుస్తకం తీసి, మొదటి పేజీలో, తేదీలన్నిటికీ పైన ఒక వాక్యం రాసింది: "రాళ్లు కుళాయి నీళ్లతో కడగరాదు."

మన దగ్గర చేపలు ఎందుకు చచ్చాయో చెప్పే కథలు చాలా ఉన్నాయి. మళ్లీ చావకుండా చేసేది మాత్రం ఆ ఒక్క వాక్యమే.